ఆంధ్ర భీముడు దండమూడి రాజగోపాలరావు

ప్రత్యేక వ్యాసం

తెలుగువారు తరతరాలుగా మళ్లీ మళ్లీ చూస్తున్న పౌరాణిక చిత్రాలలో 'నర్తనశాల'ది ప్రత్యేక స్థానం. ఆ చిత్రం పేరు చెప్పగానే బృహన్నలగా ఎన్.టి. రామారావు, సైరంధ్రిగా సావిత్రి, కీచకునిగా ఎస్.వి. రంగారావు కళ్లముందు నిలుస్తారు. అయితే విరాటుని వంటశాలలో వలలుడనే మారుపేరుతో తలదాచుకుని, చివరకు కీచకుని మట్టుబెట్టిన భీమసేనుని పాత్రను ధరించినదెవరని అడిగితే వెంటనే బదులు చెప్పగలవారు నేడు కొద్దిమందే కనిపిస్తారు. ఆయనే దండమూడి రాజగోపాలరావు. వెండితెరపై గద పట్టడానికి చాలాకాలం ముందే ఆయన భారతదేశపు పతాకం కింద ఒలింపిక్ వేదికపై బరువులెత్తిన క్రీడాకారుడు. ఆసియా క్రీడలలో పతకం సాధించిన వస్తాదు. అభిమానులు ఆయనను 'ఆంధ్ర భీముడు' అనీ, 'ఇండియన్ టార్జాన్' అనీ పిలుచుకున్నారు.

క్రీడా రంగంలో సంపాదించిన కీర్తిని కళారంగానికి అలంకారం చేసిన ఆ మహాబలుని జీవితాన్ని నేటి యువతకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గండిగుంట బిడ్డ

రాజగోపాలరావు 1916 అక్టోబర్ 16న కృష్ణా జిల్లా ఉయ్యూరు సమీపంలోని గండిగుంట గ్రామంలో జన్మించారు. కృష్ణానది కాలువల నీటితో పండే పచ్చని పల్లె అది. తూర్పున గోదావరి డెల్టా, పడమట కృష్ణా డెల్టా పేరుకు రెండైనా, వాటిని ఏలూరు కాలువ ఒకదానితో ఒకటి కలుపుతున్నది. పంటలు, పండుగలు, నాటకాలు, తిరునాళ్లు, వ్యాయామ పోటీలు ఈ రెండు డెల్టాలకూ ఉమ్మడి సంపద. ఒకచోట పేరు పొందిన వస్తాదును మరొకచోట మనవాడనే భావనతో ఆదరించడం ఇక్కడి ఆనవాయితీ.

ఆ రోజులలో నేటి వలె ఆధునిక వ్యాయామశాలలు పల్లెలలో లేవు. ఊరి చివర మట్టి తవ్వి మెత్తపరచిన గోదా, కొన్ని రాతి గుండ్లు, రెండు మూడు గదలు, సంగిడీలు ఉంటే అదే తాలింఖానా. తెల్లవారకముందే లేచి దండీలు, బస్కీలు తీయడం, కుస్తీ పట్టడం, కర్రసాము నేర్వడం యువకులకు అలవాటు. కోనసీమలోని అమలాపురంలో దసరా ఉత్సవాల సందర్భంగా వీధులలో తాలింఖానా ప్రదర్శనలు నిర్వహించే సంప్రదాయం నేటికీ కొనసాగుతున్నది. కత్తిసాము, కర్రసాము, అగ్గిబరాటాల విన్యాసాలను చూడటానికి చుట్టుపక్కల గ్రామాల నుంచి జనం తరలివస్తారు. శరీర బలాన్ని ఒక విద్యగా, గురువు వద్ద వినయంతో అభ్యసించవలసిన శాస్త్రంగా భావించిన సమాజం ఇది.

ఆంధ్రదేశంలో ఈ విద్యకు అఖిల భారత ఖ్యాతి తెచ్చిన మొదటి వ్యక్తిగా శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడును చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో ఉక్కు గొలుసులను తెంచడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం వంటి ప్రదర్శనలతో ఆయన 'కలియుగ భీముడు' అనిపించుకున్నారు. రామమూర్తి నాయుడు 1942లో కన్నుమూశారు. ఆయన కాలంలో బలం ఒక ప్రదర్శన. రాజగోపాలరావు తరం వచ్చేసరికి అదే బలం నియమావళి గల పోటీగా, కిలోగ్రాములలో కొలిచే అంతర్జాతీయ క్రీడగా రూపు దిద్దుకున్నది. తాలింఖానా నుంచి వెయిట్ లిఫ్టింగ్ వేదికకు తెలుగు బలం సాగించిన ప్రయాణంలో రాజగోపాలరావు ముఖ్యమైన మజిలీ.

యుద్ధం మింగిన సంవత్సరాలు

రాజగోపాలరావు జీవితాన్ని పరిశీలించేటప్పుడు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉన్నది. క్రీడాకారునికి వయస్సే పెట్టుబడి. 1940 ఒలింపిక్ క్రీడలు జరిగి ఉంటే ఆయన వయస్సు 23 సంవత్సరాలు. 1944 క్రీడలు జరిగి ఉంటే 27 సంవత్సరాలు. రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా ఆ రెండు ఒలింపిక్ క్రీడలూ రద్దయ్యాయి. బరువులెత్తే క్రీడాకారుని కండరాలకు పదును ఉండే వయస్సు అంతా యుద్ధకాలంలోనే గడచిపోయింది. యుద్ధం ముగిసి 1948లో లండన్‌లో ఒలింపిక్ జ్యోతి తిరిగి వెలిగేనాటికి ఆయనకు 32వ ఏడు నడుస్తున్నది.

అయినా ఆయన సాధన విడువలేదు. ఎప్పుడు జరుగుతాయో, అసలు జరుగుతాయో లేదో తెలియని పోటీల కోసం ఏళ్ల తరబడి ప్రతి ఉదయం ఇనుప కడ్డీ ముందు నిలబడటం సామాన్యమైన దీక్ష కాదు. ఆ దీక్ష ఫలితంగానే ఆయన జాతీయ స్థాయి పోటీలలో అగ్రశ్రేణి విజేతగా నిలిచి, హెవీవెయిట్ విభాగంలో దేశానికి ప్రాతినిధ్యం వహించే అర్హత సంపాదించారు.

లండన్ వేదికపై స్వతంత్ర భారత ప్రతినిధి

1948 జూలై 29న లండన్‌లో ప్రారంభమైన ఒలింపిక్ క్రీడలు భారతదేశానికి చరిత్రాత్మకమైనవి. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మువ్వన్నెల జెండా కింద స్వతంత్ర దేశంగా మన క్రీడాకారులు నడచిన తొలి ఒలింపిక్స్ అవే. ఆ ఏడు ఆగస్టు 12న మన హాకీ జట్టు బ్రిటన్ జట్టును 4-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకున్న ఉదంతం అందరికీ తెలిసినదే. అదే క్రీడలలో, అదే జెండా కింద, వెయిట్ లిఫ్టింగ్ హెవీవెయిట్ విభాగంలో పోటీ చేసిన తెలుగువాడు రాజగోపాలరావు అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

నాటి పోటీల విధానం నేటికంటె భిన్నమైనది. ఇప్పుడు స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే రెండు విధాల ఎత్తులు మాత్రమే ఉన్నాయి. అప్పుడు వీటికి తోడు ప్రెస్ అనే మూడవ విధానం కూడా ఉండేది. స్నాచ్‌లో నేల మీది బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తాలి. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందుగా భుజాల వరకు తెచ్చి, తరువాత కాళ్ల విసురు తోడు చేసుకుని తలపైకి ఎత్తాలి. ప్రెస్‌లో మాత్రం భుజాల దాకా తెచ్చిన బరువును మోకాళ్లు వంచకుండా, కాళ్ల సాయం తీసుకోకుండా, కేవలం భుజబలంతో పైకి నెట్టాలి. నడుమును వెనుకకు వంచి ఎత్తే పద్ధతి పెరిగిపోయి, న్యాయనిర్ణేతలకు తీర్పు చెప్పడం కష్టమైనందున 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ అనంతరం ఈ విధానాన్ని తొలగించారు. రాజగోపాలరావు తరం వారు ఈ మూడింటిలోనూ సమాన ప్రావీణ్యం సాధించవలసి వచ్చేది.

1948లో 82.5 కిలోలకు పైబడిన శరీర బరువు గలవారందరూ హెవీవెయిట్ విభాగం కిందకు వచ్చేవారు. ఆ విభాగంలో అమెరికాకు చెందిన జాన్ డేవిస్ మూడు విధానాలలో కలిపి 452.5 కిలోలు ఎత్తి స్వర్ణ పతకం అందుకున్నాడు. ఆనాటి ప్రపంచంలో అత్యంత బలవంతుడని పేరొందిన వాడు అతడు. అటువంటి వారి సరసన, శాస్త్రీయ శిక్షణ గాని, పుష్కలమైన వనరులు గాని లేని దేశం నుంచి వెళ్లిన డెల్టా గ్రామీణుడు నిలబడ్డాడు. పతకం రాకపోయినా ఆ నిలబడటమే ఒక విజయం. అంతకు ముందు 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో భారతదేశం పక్షాన బరువులెత్తిన జా వీక్ బర్మా దేశీయుడు. ఈ నేపథ్యంలో చూచినప్పుడు 1948లో లండన్ వెళ్లిన మన లిఫ్టర్ల స్థానం ఎంతటిదో బోధపడుతుంది.

ఢిల్లీలో ఆసియా పతకం

1951 మార్చి 4 నుంచి 11 వరకు న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఆసియా ఖండంలోని దేశాలు యుద్ధం, పరాయి పాలనల నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న సమయమది. 11 దేశాలు పాల్గొన్న ఆ క్రీడలకు భారతదేశం ఆతిథ్యమిచ్చింది. వెయిట్ లిఫ్టింగ్‌లో ఇరాన్ వస్తాదులు తమ ఆధిక్యాన్ని చాటుకున్నారు. ఆ గట్టి పోటీలో రాజగోపాలరావు హెవీవెయిట్ విభాగంలో కాంస్య పతకం సాధించి దేశానికీ, తెలుగువారికీ గౌరవం తెచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. మొట్టమొదటి ఆసియా క్రీడల పతక విజేతల జాబితాలో ఒక తెలుగు పల్లెబిడ్డ పేరు చేరడం చిన్న విషయం కాదు.

నాడు పతక విజేతలకు నగదు బహుమతులు, ఇళ్ల స్థలాలు, ఉద్యోగాల వంటి ప్రోత్సాహకాలు ఇచ్చే వ్యవస్థ రూపొందలేదు. పోషకాహారం మొదలుకొని ప్రయాణ ఖర్చుల వరకు క్రీడాకారుడు, అతని కుటుంబం, ఊరి పెద్దలు, అభిమానులు సమకూర్చుకోవలసిన పరిస్థితులే ఎక్కువ. ప్రేమతో తప్ప ప్రతిఫలాపేక్షతో బరువులెత్తే కాలం కాదది.

వెండితెర భీముడు

తెలుగు చలనచిత్ర రంగంలో పౌరాణిక చిత్రాలకు స్వర్ణయుగంగా భావించదగిన 1960వ దశకంలో రాజగోపాలరావును భీముని పాత్ర వరించింది. రాజ్యం పిక్చర్స్ పతాకంపై సి. లక్ష్మీరాజ్యం, శ్రీధరరావు నిర్మించిన 'నర్తనశాల' 1963 అక్టోబర్ 11న విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించగా, సముద్రాల రాఘవాచార్య రచన, సుసర్ల దక్షిణామూర్తి సంగీతం సమకూర్చారు. ధర్మరాజుగా మిక్కిలినేని, విరాటునిగా ముక్కామల, ఉత్తరగా ఎల్. విజయలక్ష్మి, అభిమన్యునిగా శోభన్‌బాబు నటించారు. చిత్రం విడుదలైన నాటికి మరి ఐదు రోజులలో రాజగోపాలరావు తన 47వ పుట్టినరోజు జరుపుకోనున్నారు.

ఈ చిత్రంలో గోదావరి సీమకు కూడా గణనీయమైన పాలు ఉన్నది. కీచకునిగా నటించిన ఎస్.వి. రంగారావు కాకినాడలో చదువుకుని, అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో రాటుదేలిన నటుడు. ఉత్తర కుమారునిగా నవ్వులు పండించిన రేలంగి వెంకట్రామయ్య కూడా గోదావరి తీరంవారే. ఈ విధంగా కృష్ణా తీరపు భీముడు, గోదావరి తీరపు రంగస్థలంపై పదునెక్కిన కీచకుడు తెరపై తలపడ్డారు. ఒకరిది నటనలో ఆరితేరిన బలం. మరొకరిది అక్షరాలా కిలోలలో కొలిచి చూపిన బలం.

'నర్తనశాల' జాతీయ స్థాయిలో ద్వితీయ ఉత్తమ చిత్రంగా పురస్కారం పొందింది. 1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటునిగా, టి.వి.ఎస్. శర్మకు ఉత్తమ కళాదర్శకునిగా బహుమతులు లభించాయి. దీనితో రాజగోపాలరావు పాత్ర ఉన్న చిత్రం కూడా ఆయన వలెనే దేశపు ఎల్లలు దాటి గౌరవం పొందినట్లయింది.

బలాన్ని దాచుకున్న బలవంతుడు

ఆంధ్ర మహాభారత రచనకు రాజమహేంద్రవరం పుట్టినిల్లు. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ప్రేరణతో నన్నయ భట్టు అక్కడే శ్రీకారం చుట్టారు. పదమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాటపర్వంతో తన రచన ప్రారంభించి మిగిలిన పదిహేను పర్వాలనూ పూర్తి చేశారు. 'నర్తనశాల' కథకు మూలం ఆ విరాటపర్వమే. కాకినాడ జిల్లాలోని పెద్దాపురం పాండవుల మెట్టపై వనవాస కాలంలో పాండవులు నివసించారనీ, అక్కడి గుర్తులు భీముని పాదాలనీ స్థానికుల విశ్వాసం. భీముడు తెలుగువారికి పురాణ పురుషుడే కాదు, ఊరిమనిషి కూడా.

విరాటపర్వంలోని భీముని పాత్రకు ఒక విశిష్టత ఉన్నది. మిగిలిన పర్వాలలో అతడు బలాన్ని చూపుతాడు, ఇక్కడ దాచుకుంటాడు. ఏడాదిపాటు అజ్ఞాతవాసం గడపాలి. గుర్తుపడితే మరల పన్నెండేళ్లు అడవులపాలు కావాలి. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని అవమానించినప్పుడు కోపంతో చెట్టును పెకలించబోయిన భీముని చూపును ధర్మరాజు పసిగట్టి, వంటచెరకు కావలెనంటే వెలుపల చెట్లున్నాయని నర్మగర్భంగా వారించవలసి వస్తుంది. చేతిలో గరిటె, గుండెలో మంట. ఆ మంటను అదుపులో ఉంచుకోవడంలోనే భీముని అసలు పరీక్ష ఉన్నది. విరాటుని కొలువులో జీమూతమల్లునితో కుస్తీ పట్టినప్పుడు ఆ బలం ఒక్కసారి తొణికిసలాడుతుంది. నర్తనశాల చీకటిలో కీచకుని ఎదుర్కొన్నప్పుడు కట్టలు తెంచుకుంటుంది.

బరువులెత్తే క్రీడాకారునికి ఈ పాత్ర స్వభావం కొత్తది కాదు. వేదికపై ఇనుప కడ్డీ ముందు నిలబడిన లిఫ్టర్ చేసేదీ అదే. క్షణకాలం ఊపిరి బిగబట్టి, శక్తినంతటినీ లోపల కూడగట్టుకుని, సరియైన అదనులో ఒక్కసారిగా విడుదల చేస్తాడు. ముందు తొందరపడినా, తరువాత తడబడినా ఎత్తు వ్యర్థమే. వలలుని పాత్రకు రాజగోపాలరావు విగ్రహం ఎందుకంత చక్కగా అమరిందో ఆలోచిస్తే, అది దేహపుష్టి వల్ల మాత్రమే కాదనీ, దశాబ్దాల సాధన నేర్పిన నిగ్రహం వల్ల కూడా అనీ అనిపిస్తుంది. ఆ కండలు అలంకరణ గదిలో తయారైనవి కావు. తెల్లవారుజామున చెమటోడ్చి సంపాదించినవి.

ప్రపంచంలో ఇటువంటివారు

క్రీడా వేదిక నుంచి వెండితెరకు నడచినవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. 1924, 1928 ఒలింపిక్స్‌లో ఈతలో ఐదు స్వర్ణ పతకాలు గెలిచిన అమెరికన్ జానీ వైస్‌ముల్లర్ 1932 నుంచి టార్జాన్ పాత్రధారిగా లోకప్రసిద్ధుడైనాడు. మన రాజగోపాలరావుకు 'ఇండియన్ టార్జాన్' అనే పేరు రావడానికి ఆనాటి టార్జాన్ చిత్రాల ప్రాచుర్యమే నేపథ్యం. రాజగోపాలరావు పాల్గొన్న 1948 లండన్ ఒలింపిక్స్‌లోనే లైట్ హెవీవెయిట్ విభాగంలో అమెరికా తరఫున రజత పతకం గెలిచిన హెరాల్డ్ సకాటా 1964లో 'గోల్డ్ ఫింగర్' చిత్రంలో ఆడ్‌జాబ్ అనే ప్రతినాయక పాత్ర ద్వారా పేరు పొందాడు. ఒకే ఒలింపిక్స్‌లో బరువులెత్తిన ఇద్దరు వస్తాదులు, ఏడాది తేడాలో రెండు ఖండాలలో చలనచిత్రాల ద్వారా ప్రజల మనసులలో నిలిచిపోవడం ఆసక్తికరమైన విషయం.

మన దేశంలో మల్లయోధుడు దారాసింగ్ 1987లో ప్రారంభమైన దూరదర్శన్ 'రామాయణ్' ధారావాహికలో హనుమంతునిగా నటించారు. 1966, 1970 ఆసియా క్రీడలలో డిస్కస్ త్రోలో స్వర్ణ పతకాలు గెలిచిన ప్రవీణ్ కుమార్ సోబ్తీ 1988లో ప్రారంభమైన 'మహాభారత్' ధారావాహికలో భీమునిగా ఇంటింటికీ పరిచయమయ్యారు. ఆసియా క్రీడల పతక విజేత భీముని పాత్ర ధరించడం అదే ప్రథమమని చాలామంది భావిస్తారు. అంతకు పాతికేళ్ల ముందే తెలుగు తెరపై ఆ ముచ్చట జరిగిపోయింది.

తెలుగు నేలపై బరువుల వారసత్వం

రాజగోపాలరావు 1981 ఆగస్టు 6న తమ 64 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఆయన వేసిన బాటలో తెలుగు లిఫ్టర్లు ఎంతో దూరం ప్రయాణించారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కారు. మహిళల వెయిట్ లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టినది కూడా ఆ ఏడాదే. స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలుచుకున్నారు.

లండన్‌లో తెలుగువాడు బరువెత్తిన 1948కి, సిడ్నీలో తెలుగు ఆడపడుచు పతకం అందుకున్న 2000 సంవత్సరానికి మధ్య యాభై రెండేళ్ల దూరం ఉన్నది. ఆ దూరాన్ని కొలిచేటప్పుడు మొదటి అడుగు వేసినవారిని విస్మరించడం భావ్యం కాదు.

పేరు నిలిచింది, కథ నిలవాలి

విజయవాడ నగరంలోని మునిసిపల్ కార్పొరేషన్ ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టారు. బాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ వంటి క్రీడలకు, అనేక సభలకు, పోటీలకు అది వేదిక. వాడుకలో ఆ పేరు 'డి.ఆర్.ఆర్.ఎం.సి. స్టేడియం'గా కుదించుకుపోయింది. ప్రతిరోజూ ఆ గేటు దాటి లోపలికి వెళ్లే బాలబాలికలలో మొదటి మూడు అక్షరాలు ఒక ఒలింపియన్ పేరని తెలిసినవారెందరు? పేరు పొడి అక్షరాలుగా మారినప్పుడు దాని వెనుక ఉన్న మనిషి మెల్లగా మరుగున పడిపోతాడు. ఇది ఒక్క రాజగోపాలరావుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మన పట్టణాలలో ఎన్నో క్రీడాంగణాలు, వీధులు, పాఠశాలలు ఈ విధంగానే పేరును మోస్తూ కథను మరచిపోతున్నాయి.

నటునిగా ఆయన రూపం 'నర్తనశాల' ఉన్నంతకాలం ఉంటుంది. క్రీడాకారునిగా ఆయన సాధించినది మాత్రం పాత పత్రికలలో, కుటుంబాల వద్ద భద్రంగా ఉన్న ఛాయాచిత్రాలలో, వయోవృద్ధుల జ్ఞాపకాలలో చెదురుమదురుగా మిగిలి ఉన్నది. ఆనాటి పోటీలను చూచినవారు ఒక్కరొక్కరుగా తరలిపోతున్నారు. క్రీడాభిమానులు, అధ్యాపకులు, విద్యార్థులు తమ ప్రాంతంలోని పాత వస్తాదుల, వ్యాయామోపాధ్యాయుల, తాలింఖానా గురువుల వివరాలను సేకరించి నమోదు చేస్తే భావితరాలకు అమూల్యమైన సంపద అందించినవారవుతారు. ఉభయ గోదావరి సీమలలో తాలింఖానా ఉన్న ప్రతి ఊరికీ చెప్పదగిన కథ ఒకటి ఉండే ఉంటుంది.

యుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ చేజారినా కుంగిపోక సాధన కొనసాగించి, 32వ ఏట లండన్ వేదిక ఎక్కి, 34 ఏళ్ల వయస్సులో ఆసియా పతకం అందుకుని, 48వ ఏట అడుగిడబోతూ తెలుగువారి మనసులలో భీమునిగా స్థిరపడిన దండమూడి రాజగోపాలరావు జీవితం పట్టుదలకు నిదర్శనం. ఈసారి 'నర్తనశాల' చూచేటప్పుడు, వంటశాలలో మౌనంగా నిలుచున్న వలలుడు తెరపైకి వచ్చిన క్షణాన, ఆ భుజాలు ఒకనాడు స్వతంత్ర భారతదేశపు బరువును మోసినవని పక్కనున్న పిల్లలకు చెప్పగలిగితే, అదే ఆ ఆంధ్ర భీమునికి మనం అర్పించే నిజమైన నివాళి.